కిరాయి గదిలో ఉండేవారి హక్కులు

మన హాస్టల్‌లో ఉన్నన్నాళ్లు తలదాచుకునే చోటు గురించి బెంగ ఉండదు. పై చదువులకో, కోచింగ్‌కో పట్నం పోయిన రోజున మొదట వెతికేది టులెట్ బోర్డునే. నేను పీజీలో చేరిన సంవత్సరం స్కాలర్‌షిప్ ఆలస్యమై ఒక నెల కిరాయి కట్టలేకపోయాను. ఓనరు నా గదికి తన తాళం వేశాడు. పుస్తకాలు, సర్టిఫికెట్లు లోపలే ఉండిపోయాయి. అప్పు తెచ్చి కట్టిన తర్వాతే తాళం తీశాడు. అది ఆయన హక్కే అనుకున్నాను. కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. మన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు అలాంటి పరిస్థితి రాకూడదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

తెలంగాణ పట్టణాల్లో అద్దె ఇళ్లకు 1960 నాటి భవనాల అద్దె నియంత్రణ చట్టం ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో చేసిన ఈ చట్టమే 2014 తర్వాత కూడా కొనసాగింది. ఇందులోని ముఖ్యాంశాలు:

1. కట్టిన కిరాయికి, అడ్వాన్సుకు ఓనరు సంతకంతో రశీదు పొందే హక్కు మనకుంది.

2. కొందరు ఓనర్లు కావాలనే కిరాయి తీసుకోకుండా, తర్వాత "కట్టలేదు" అని కేసు వేస్తారు. అప్పుడు 10 రోజుల్లో బ్యాంకు పేరు తెలపమని రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. తెలపకపోతే మనీఆర్డరు పంపాలి. అదీ తిరస్కరిస్తే రెంట్ కంట్రోలర్ వద్ద జమ చేయవచ్చు.

3. కావాలని కిరాయి ఎగ్గొట్టడం, ఇంటిని పాడుచేయడం, అనుమతి లేకుండా వేరేవారికి కిరాయికివ్వడం, ఓనరుకే ఇల్లు అవసరం కావడం వంటి కారణాలను రెంట్ కంట్రోలర్ ముందు రుజువు చేసి ఉత్తర్వు పొందితేనే ఖాళీ చేయించగలరు.

4. సరైన కారణం లేకుండా నీళ్లు, కరెంటు ఆపరాదు.

అయితే ఒక మెలిక ఉంది. 2005 సవరణ ప్రకారం కట్టి 15 ఏళ్లు దాటని భవనాలకు, కార్పొరేషన్లలో నెలకు రూ.3,500, ఇతర చోట్ల రూ.2,000 మించిన కిరాయిలకు ఈ చట్టం వర్తించదు. నేడు చాలా గదులు ఈ మినహాయింపులోకే వస్తాయి.

అంతమాత్రాన మనం దిక్కులేనివాళ్లం కాము. 1882 ఆస్తి బదిలీ చట్టం ప్రకారం, ఒప్పందంలో వేరే షరతు లేకపోతే, నెలసరి కిరాయిదారుకు 15 రోజుల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. అప్పటికీ ఖాళీ చేయకపోతే ఓనరు కోర్టుకు పోవాలే గానీ తాళం వేయరాదు. బలవంతంగా వెళ్లగొడితే 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద 6 నెలల లోపు దావా వేసి గదిని తిరిగి పొందవచ్చు.

గది అడగబోతే "మీరేమోళ్లు?" అనే ప్రశ్న మనలో చాలామందికి ఎదురైందే. అంటరానితనం పాటించి ఒక చోట నివసించకుండా అడ్డుకోవడం 1955 పౌర హక్కుల పరిరక్షణ చట్టం కింద జైలుశిక్ష పడే నేరం.

లాయరు ఫీజుకు భయపడవద్దు. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచిత న్యాయ సహాయం అందిస్తుంది.

కిరాయి సకాలంలో కట్టడం మన బాధ్యత. ఒప్పందం కాగితం మీద రాయించుకోవడం, ప్రతి నెలా రశీదు అడిగి భద్రపరచుకోవడం మనకు రక్ష. రశీదు అడగడానికి మొహమాటపడకండి. ఆ రోజు నా దగ్గర ఒక్క రశీదూ లేదు.