అద్దె ఒప్పందంలో ‘హియరినాఫ్టర్’ అంటే?

ప్రశ్న: అద్దె ఇంటి కోసం ఇంగ్లిష్‌లో ఒప్పందం రాయించారు. నా పేరు పక్కన ‘హియరినాఫ్టర్ కాల్డ్ ద టెనెంట్’ అని ఉంది. ‘ఆఫ్టర్’ అంటే తర్వాత కదా! ఏదైనా తేదీ తర్వాతే నేను అద్దెదారునవుతానా? సంతకం పెట్టాలంటే సందేహంగా ఉంది.
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: కంగారు పడకండమ్మా. ఆ మాటకు తేదీతో సంబంధం లేదు. ‘ఈ పత్రంలో ఇక్కడి నుంచి’ అని దాని అర్థం. మీ పేరు, చిరునామా ప్రతిసారీ రాయకుండా, ఇకపై ‘టెనెంట్’ అంటే మీరేనని చెబుతున్నారంతే. అద్దె మొదలయ్యే తేదీ వేరే షరతులో ఉంటుంది.

పాత ఇంగ్లిష్ వాడుకలోని ఇలాంటి మాటలు దస్తావేజుల్లో అలాగే నిలిచిపోయాయి. వీటిలో ‘హియర్’ చాలావరకు చేతిలోని పత్రాన్ని, ‘దేర్’ అప్పుడే చెప్పిన విషయాన్ని సూచిస్తాయి. ‘హియర్‌బై’ అంటే ఈ పత్రం ద్వారా. ‘దేరాఫ్’ అంటే దానికి సంబంధించిన.

చదివేటప్పుడు ఇలా చేయండి:

• ‘ఓనర్’, ‘టెనెంట్’ ఎవరో మొదటి పేజీలోనే గుర్తుపెట్టుకోండి.
• కింది షరతుల్లో ఆ పేర్లు తారుమారు కాలేదని చూసుకోండి.
• అద్దె, అడ్వాన్సు, ఖాళీ చేసే గడువు విషయాల్లో ఎవరి బాధ్యత ఏమిటో తెలుగులో రాసుకోండి.

మామూలు ఉత్తరాల్లో, ఈమెయిళ్లలో మాత్రం ‘హియరినాఫ్టర్’ వాడకండి, కృతకంగా ఉంటుంది.

ఏ షరతయినా రెండు రకాలుగా అర్థమవుతుంటే, లేదా అడ్వాన్సు తిరిగిచ్చే విషయం స్పష్టంగా లేకపోతే, సంతకానికి ముందే న్యాయవాదికి ముసాయిదా చూపించండి.