చెరగని పద్దు

రానిబాకీని ఆవర్జాలో కొట్టివేయుదుము. ఆ బాకీదారు నలుగురిలో అన్న మాటను మనస్సు కొట్టివేయదు. ఏలయనగా, కోపభయములు కలిగినపుడు దేహములో అడ్రినలిన్ స్రవించును. మెదడులో బాదంపప్పు ఆకృతిగల అమిగ్డలా అను భాగము ఆ జ్ఞాపకమును గట్టిపరచును.

అమెరికాలో పెన్నెబేకర్, బీల్ అనువారు 1986లో ప్రకటించిన పరిశోధన యొకటి గలదు. కొందరు విద్యార్థులు తమ పాత గాయమును గూర్చి దినమునకు 15 నిమిషములు, వరుసగా 4 దినములు వ్రాసిరి. జరిగినదానిని మాత్రమే (మనము చిట్టా వ్రాసినట్లు!) వ్రాసినవారికి చెప్పుకోదగిన మేలు కలుగలేదు. జరిగినదానితోపాటు తాము పడిన బాధను గూడ వ్రాసినవారికి ఆ పూట దుఃఖము హెచ్చెను. కాని తరువాతి నెలలలో వైద్యునికడకు పోవుట తగ్గెను.

సంవత్సరినాడు ‘మిచ్ఛామి దుక్కడం’ అనుచునే లోపల ఆ మాట మెదలువారు, కొట్టు మూసిన పిదప నాలుగు రాత్రులు అట్లు వ్రాసి చూడవచ్చును. నిద్రాహారములు చెడినవారు మాత్రము వైద్యునే ఆశ్రయింపవలెను. వ్రాసిన కాగితము ఎవరికిని చూపనక్కరలేదు, చింపివేసినను సరియే.