విరాళము, పన్ను, రసీదు

పాఠశాలకు తమ శక్తికొలది విరాళ మిచ్చు తలిదండ్రులు మమ్ము తఱచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు: “అయ్యా, దీనికి పన్ను మినహాయింపు వచ్చునా?” వచ్చును గాని అందఱికిని రాదు. వచ్చువారికిని తామనుకొన్నంత రాదు. కావున ఆ సంగతి ఇచ్చట కొంత వివరింప దలచితిమి.

ధర్మసంస్థల కిచ్చు విరాళములకు మినహాయింపు నిచ్చు విధి 1961 నాటి ఆదాయపు పన్ను చట్టమున 80జి అను సెక్షనుగా ప్రసిద్ధమైనది. 2026 ఏప్రిల్ 1 నుండి వర్తించు 2025 నాటి చట్టమున దాని సంఖ్య మాఱినను ఏర్పాటు ప్రధానముగా అదియే. అయితే కొత్త పన్ను పద్ధతిలో నున్నవారికి ఈ మినహాయింపు లేదు. 2023-24 నుండి, వేఱుగా కోరుకొననివారి కెల్ల కొత్త పద్ధతియే వర్తించుచున్నది. పాత పద్ధతిని కోరుకొన్నవారికే ఇక మేము చెప్పబోవు లెక్క.

నూటికి ఇరువది వంతున పన్ను కట్టు గుమాస్తా యొకరు భవననిధికి 5,000 రూపాయలు ఇచ్చిరనుకొందము. అనుమతి గల సాధారణ ధర్మసంస్థల విషయమున ఇచ్చినదానిలో సగమే, అనగా 2,500 రూపాయలే, ఆదాయము నుండి తీసివేయుదురు. దానిపై తగ్గు పన్ను 500, సెస్సు 20. వెరసి 520 రూపాయలు. తక్కిన 4,480 ఆయన చేతి సొమ్మే. దానమనగా అదియే గదా! ప్రధానమంత్రి జాతీయ సహాయనిధి వంటి కొన్నిటికి మాత్రము పూర్తి మొత్తము తీసివేయుదురు. సగపు మినహాయింపునకు ఆదాయములో సుమారు పదవవంతు అను పరిమితియు కలదు. దానిని దాటునంత భాగ్యము మనలో బహుకొద్దిమందికే.

నగదుగా ఇచ్చినచో 2,000 రూపాయల వఱకే చెల్లును. 2017 సవరణకు పూర్వము ఇది 10,000గా ఉండెను. పుట్టినరోజులకు, పెద్దల తద్దినములకు బియ్యపు బస్తాలో బల్లలో పంపు ఆచారము మనవారిలో కలదు. వస్తురూపమైన దానమునకు ఈ మినహాయింపు లేదు. అట్లని బియ్యము మానవలదు. పంక్తిలో కూర్చున్న బిడ్డకు సెక్షనుతో పనిలేదు.

పిల్లవానిని చేర్చునపుడు కట్టిన సొమ్మును విరాళముగా రసీదు వ్రాయుమని కోరువారు కలరు. సీటునకు ప్రతిగా ఇచ్చినది విరాళము కాదు. ట్యూషను ఫీజునకు వేఱు దారి కలదు: పాత పద్ధతిలో ఇద్దఱు బిడ్డల వఱకు అది 1,50,000 రూపాయల ఉమ్మడి పరిమితిలో చేరును. డెవలప్‌మెంటు ఫీజు చేరదు. ఇంతకంటె ప్రమాదకరమైనది మధ్యవర్తుల మాట. పదివేలకు రసీదు వ్రాసి తొమ్మిదివేలు తిరిగి ఇత్తుమందురు. బయటపడినచో ఎగవేసిన పన్ను, దానిపై వడ్డీ గాక, ఆ పన్నుకు రెట్టింపు జరిమానా పడవచ్చును.

భాషా అల్పసంఖ్యాకుల సంస్థలకు అనుమతి దొరకదని కొందఱి భ్రమ. చట్టము కాదనునది ఒక మతమువారికో కులమువారికో ప్రత్యేకించిన సంస్థలను. భాషను గూర్చి అట్టి నిషేధము లేదు. ఏ సంస్థ కిచ్చుచున్నను, ఆ సంస్థకు అనుమతి కలదా, అది ఎప్పటివఱకు చెల్లునని అడుగుట దాత హక్కు. అడిగినందుకు కినియు సంస్థకు ఇయ్యకుండుటే మేలు.

ఇక రసీదు మాట. 2021-22 నుండి వట్టి రసీదు చాలదు. సంస్థ దాతల పట్టికను పన్నుశాఖకు పంపి, మే 31 లోపల దాతకు ధ్రువపత్ర మీయవలెను. ఇందు మనవారికి వచ్చు చిక్కు పేరుతోనే. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక, మఱియొకచోట పొడి అక్షరముగా నుండును. పాన్ కార్డులో నున్నట్లే పేరును, సంఖ్యను కాగితముపై వ్రాసి, చెక్కుతో జతపఱచి యిండు. జూన్ మొదటి వారమునకు ధ్రువపత్రము చేరనిచో కార్యాలయమునకు వచ్చి నిస్సంకోచముగా అడుగుడు.