1422: దక్కనులో మూడు అస్తమయాలు

క్రీ.శ. 1422వ సంవత్సరం చివరి భాగంలో గుల్బర్గా నగరం, అనగా నేటి కలబురగి, నెల రోజుల వ్యవధిలో ఇద్దరు ప్రముఖులను కోల్పోయింది. అక్టోబరు ప్రారంభంలో బహమనీ సుల్తాను ఫిరోజ్ షా మరణించాడు. నవంబరు 1న సూఫీ గురువు సయ్యద్ ముహమ్మద్ హుసైనీ దివంగతులయ్యారు. ప్రజలు గేసూదరాజ్ అనీ, బందేనవాజ్ అనీ పిలుచుకొనేది ఈయననే. విజయనగరాధీశుడు మొదటి దేవరాయల పాలన ముగిసినదీ ఆ సంవత్సరమే.

1397లో సింహాసనమెక్కిన ఫిరోజ్ షా విద్యావంతుడు, బహుభాషావేత్త. ఖగోళ గణితములయందు ఆసక్తితో 1407లో దౌలతాబాదులో వేధశాల నిర్మాణానికి పూనుకొన్నాడు గాని, దానికి నియుక్తుడైన శాస్త్రజ్ఞుడు మరణించడంతో ఆ పని నిలిచిపోయింది. భీమానదీతీరాన ఫిరోజాబాదు నగరాన్ని కట్టించినదీ అతడే. దేవరాయలతో యుద్ధాలు చేశాడు. ఆ రాజు కుమార్తెను వివాహమాడాడని ఫిరిస్తా వ్రాశాడు. ఆ వియ్యం శాంతిని తేలేదు.

గేసూదరాజ్ 1321లో జన్మించారు. ఢిల్లీలో నసీరుద్దీన్ చిరాగ్‌కు శిష్యులై దీర్ఘకాలం అక్కడే గడిపారు. 1398లో తైమూరు దండయాత్ర ముంచుకొని రాగా, ఎనుబదేండ్లకు చేరువైన వయస్సులో ఢిల్లీ విడిచి గుజరాతు మీదుగా దక్కనుకు వచ్చారు. సుల్తాను ఆయనను సగౌరవంగా గుల్బర్గాకు ఆహ్వానించాడు. దక్కనీ భాషలోని 'మిరాజుల్ ఆషికీన్' ఆయన రచనయేనని చాలాకాలం పాఠ్యగ్రంథాలలో చెప్పుతూ వచ్చారు; అది తరువాతి కాలపు రచన అని పరిశోధకులు తేల్చారు. ఆయన కీర్తికి దానివల్ల వచ్చిన లోటేమీ లేదు.

సుల్తానుకూ గురువుకూ మధ్య స్నేహం నిలువలేదు. తర్కశాస్త్రాభిమానియైన ఫిరోజుకు గురువు పాండిత్యం అంతగా రుచించలేదని చరిత్రకారుల కథనం. సుల్తాను సోదరుడు అహ్మదు మాత్రం ఆయనకు పరమభక్తుడు. ఫిరోజు తన కుమారుడు హసన్ ఖానును వారసునిగా నిర్ణయించి గురువు ఆశీస్సులు కోరగా, రాజ్యం అహ్మదుకే రాసిపెట్టి ఉన్నదని ఆయన సమాధానమిచ్చారట. కోటకు సమీపాన ఉన్న మఠం వద్ద జనసందడి ఎక్కువైనదన్న నెపంతో, దానిని దూరంగా తరలించవలసినదని సుల్తాను కోరాడు. నెపమనే అనాలి, అసలు బాధ జనసందడి కాదు, ఆ జనం ఎవరిని చూడవచ్చారన్నది. గురువు తరలివెళ్ళిన చోటనే నేటి దర్గా ఉన్నది.

1420లో పానగల్లు వద్ద విజయనగర సేనల చేతిలో పొందిన ఘోరపరాజయం ఫిరోజును శరీరంలోనూ మనస్సులోనూ క్రుంగదీసింది. అహ్మదును అణచుటకు పంపిన సైన్యం ఓడిపోయింది. బస్రా వర్తకుడు ఖలఫ్ హసన్ అహ్మదు పక్షాన నిలిచి తోడ్పడ్డాడు. చివరకు 1422 సెప్టెంబరులో ఫిరోజు కోట తలుపులు తెరిపించి, తమ్మునికి రాజ్యాన్నీ, తన కుమారుని రక్షణభారాన్నీ అప్పగించాడు. ఆ తరువాత అతడు జీవించినది కొన్ని దినాలే. అతనిది సహజమరణం కాదన్న కథనమూ ఒకటి కలదు.

గురువు ఆశీస్సులతో రాజైన అహ్మదుకు ఆయన సాన్నిధ్యం రెండు నెలలైనా దక్కలేదు. నూతన సుల్తాను ఇరానులోని కిర్మాను ప్రాంతపు సూఫీ షా నిమతుల్లాను ఆశ్రయించి, ఆయన మనుమని దక్కనుకు రప్పించుకొన్నాడు. రాజధానిని బీదరుకు మార్చాడు. వేటలో ఒక జంతువు వేటకుక్కను ఎదిరించిన చోటు కనుక దానిని ఎన్నుకొన్నాడన్న కథ ప్రసిద్ధమే గాని, తెలుగు, కన్నడ, మరాఠీ సీమల కూడలిలో ఉండి, విజయనగర సరిహద్దుకు దూరంగా ఉండటమే బలమైన కారణంగా తోస్తుంది. 1425 ప్రాంతంలో ఓరుగల్లు అతని వశమైనది. విజయనగరంలో స్వల్పకాలిక పాలనల అనంతరం రెండవ దేవరాయలు రాజయ్యాడు. శ్రీనాథుని గాథలలో తెలుగువారికి పరిచితుడైన ప్రౌఢదేవరాయలు ఈయనే.

ఫిరోజు సమాధి గుల్బర్గాలోని హఫ్త్ గుంబజ్‌లో ఉన్నది. గురువు దర్గాకు ఏటా ఉర్సులో అన్ని మతాలవారూ వస్తారు. 1436లో మరణించిన అహ్మదు బీదరు సమీపాన అష్టూరులో ఖననమయ్యాడు. లింగాయతులు అతనిని అల్లమప్రభువుగా భావిస్తారు. అక్కడి ఉత్సవంలో జంగమునికి ప్రధానస్థానం.