పుట్టగొడుగూ, బదనికా, నా రెండు తప్పులూ

వృక్షశాస్త్రం చదువుతున్నవాడు తన తప్పులు తానే వార్షిక సంచికలో అచ్చువేయించుకోవడం ఆనవాయితీ కాదు. అయినా సంపాదకులు "అడవిలో ఋతువుల అందాలు రాయండి" అని అడిగినప్పుడు నాకు మొదట గుర్తొచ్చినవి అందాలు కావు, నేను చేసిన రెండు తప్పులు. ఒకటి పుట్టగొడుగు విషయంలో, రెండోది చెట్టుమీది బదనిక విషయంలో. రెండింటిలోనూ పైపైన చూసి పేరు పెట్టేశాను. వేరు చూడలేదు.

మా ఊరు శృంగవరపుకోట దగ్గర, అనంతగిరి కొండల అడుగున. మాకు ఏడాది క్యాలెండరుతో కాదు, కార్తెలతో మొదలవుతుంది. మృగశిర దాటి జూన్ నాలుగో వారంలో ఆరుద్ర ప్రవేశించిందంటే ఇసుక నేలల్లో ఎర్ర మఖమల్ గుండీల్లాంటి ఆరుద్ర పురుగులు తిరుగుతాయి. పురుగు అన్నామే గాని కాళ్ళు లెక్కపెట్టండి, ఎనిమిది ఉంటాయి. అది సాలీడుకి చుట్టం. అవే రోజుల్లో సాయంత్రం దీపాల చుట్టూ ఉసిళ్ళు మూగుతాయి. ఉసిళ్ళంటే వేరే జాతి ఏమీ కాదు, రెక్కలొచ్చిన చెదలే. అవి లేచిపోయిన కొన్నాళ్ళకి, ఉరిమి కురిసిన రాత్రి తెల్లవారి, పుట్టల మీదా పుట్టల చుట్టూ గొడుగులు లేస్తాయి. మా మామ్మ గంప పట్టుకుని చీకటితోనే బయలుదేరేది. నేను వెనకాల.

ఆవిడ నియమాలు రెండే. "పుట్టమీద మొలిచిందే గొడుగు. పేడమీదా పచ్చికమీదా మొలిచింది కుక్కగొడుగు, ముట్టుకోకు" అనేది. రెండోది, కాడని నేలమట్టంగా కోయాలిగాని పుట్ట తవ్వకూడదు. "తవ్వితే పై ఏడు నీ మొహం చూడదురా అది" అనేది. నేను ఇది చాదస్తం అనుకునేవాణ్ణి. కాలేజీలో చేరాక తెలిసింది, మన భాషలో 'పుట్టగొడుగు' అన్న మాటలోనే సగం శాస్త్రం ఉందని.

చెదలు పుల్లలూ ఆకులూ తింటాయి గాని, ఆ గట్టి పీచుని పూర్తిగా అరిగించుకోలేవు. అందుకని పుట్టలోపల తమ విసర్జనతోనే మెదడు ఆకారంలో, స్పంజిలా ఉండే గూళ్ళు కట్టి వాటిమీద ఒక శిలీంధ్రాన్ని పెంచుతాయి. అది పీచుని కుళ్ళబెట్టి మెత్తన చేస్తుంది. దానిమీద మొలిచే తెల్లటి పూసల్నీ, ముదిరిన గూటినీ చెదలు తింటాయి. మనిషి నాగలి పట్టడానికి కొన్ని కోట్ల సంవత్సరాల ముందే మొదలైన వ్యవసాయం ఇది. వానలకి ఆ శిలీంధ్రం బయటి ప్రపంచంలో తన విత్తనాలు చల్లుకోవాలి గదా, అందుకు పైకి పంపే పువ్వులాంటిదే మనం కూర వండుకునే గొడుగు. జానెడు, ఒక్కోసారి మూరెడు లోతునుంచి మట్టిని చీల్చుకు రావాలి కాబట్టి దాని నెత్తిన మొన తేలి ఉంటుంది, కాడ అడుగున వేరులా సన్నని తోక గూటిదాకా సాగి ఉంటుంది. 1942లో రోజే హైమ్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఈ ప్రజాతికి టెర్మిటోమైసిస్ అని పేరు పెట్టాడు. అంటే చెదల శిలీంధ్రం. మనవాళ్ళు పెట్టిన పేరూ దాదాపు అదే, కాకపోతే వాళ్ళు పత్రిక్కి పంపలేదు!

ఇంకో ముచ్చట. చెదల పుట్టలో ఈ బూజు తోటలున్నాయని 1779లోనే రాసినవాడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ అనే వైద్యుడు. లిన్నేయస్ శిష్యుడు, తరంగంబాడిలో ఉండి దక్షిణాది మొక్కలన్నీ గాలించాడు. ఆయన కన్నుమూసింది మన కాకినాడ జగన్నాథపురంలో, 1785లో.

ఇక నా మొదటి తప్పు. ఎమ్మెస్సీలో చేరిన ఏడు శ్రావణమాసంలో హాస్టలు వెనక మైదానంలో పచ్చికలో తెల్లగా, అరచేతులంత గొడుగులు వరసగా లేచాయి. నలుగురం పోగుచేసుకొచ్చాం. "ఇవి తినేవేనా?" అని ఒకడు అడిగాడు. బోటనీవాణ్ణి నేనొక్కణ్ణే. "మా ఊళ్ళో గంపలకొద్దీ తిన్నాం, నాకు తెలీదేంటి!" అన్నాను. మామ్మ చెప్పిన పచ్చిక సంగతి నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఇంకొకడు తన వెండి ఉంగరం గిన్నెలో వేశాడు. విషమైతే నల్లబడుతుందట. నల్లబడలేదు. హీటరుమీద ఉల్లిపాయలతో వండుకు తిన్నాం. రెండు గంటలు తిరక్కుండా నలుగురికీ వాంతులూ విరేచనాలూ. ఒకడికి రెండు రోజులు సెలైను ఎక్కించవలసి వచ్చింది. ఆసుపత్రి వరండాలో వాళ్ళమ్మగారు నన్నేమీ అనలేదు. "నువ్వు చెప్పావని తిన్నాడట బాబూ" అన్నారంతే.

మర్నాడు మైదానంలో మిగిలిన ఒక గొడుగుని తెచ్చి, కాడ తీసి, తెల్లకాగితంమీద బోర్లించి గ్లాసు మూతపెట్టాను. తెల్లారేసరికి కాగితంమీద పచ్చటి పొడి! అది క్లోరోఫిల్లమ్. ఆ సిద్ధబీజాలు ఆకుపచ్చవి; కాడకి అటూ ఇటూ కదిలే ఉంగరం ఉంటుంది; నెత్తిన గోధుమరంగు పొక్కులుంటాయి; అడుగున పుట్టకి పోయే తోక ఉండదు. చెదల గొడుగుని అలాగే బోర్లిస్తే లేత గులాబి పొడి పడుతుంది. ఇది చదివి ఎవరైనా గులాబి పొడీ, పొడుగాటి తోకా చూసుకుని కూర వండేస్తారేమో, దయచేసి ఆ పని చేయకండి. చూసి ఆనందించడానికి ఈ గుర్తులు చాలు, తినడానికి చాలవు. ఆ గొడుగుని ఏళ్ళతరబడి ఏరినవాళ్ళు పక్కనుండాలి. వెండి ఉంగరాలూ, వెల్లుల్లిపాయలూ, పసుపూ ఏ విషాన్నీ పట్టివ్వలేవు. ప్రాణాలు తీసే జాతులు కొన్నింటి సంగతి మరీ ఘోరం. తిన్న ఆరేడు గంటలదాకా ఏమీ తెలియదు, తెలిసేసరికి కాలేయం దెబ్బతింటుంది.

శ్రావణ భాద్రపదాల్లో కొండవాలున గడ్డి మధ్య హెబెనేరియాలు తెల్లగా పూస్తాయి. ఇవి నేల ఆర్కిడ్లు. వీటికి కాస్త ముందే పూసే జియోడోరమ్‌ని తప్పకుండా చూడాలి: పూసినప్పుడు గెల తల వంచుకుని నేల చూస్తుంది, కాయ కట్టాక లేచి నిటారుగా నిలబడుతుంది. కార్తీకంలో నాగులచవితికి పుట్టలో పాలు పోస్తాం. అది పాముది కాదు, చెదలది. పాము అద్దెకున్నది, అద్దె కూడా ఇవ్వదు. ఆ తర్వాత అరకులోయ అంతా వలిసెపూల పసుపు. దాని ఫోటోలు అందరి సెల్‌ఫోన్లలోనూ ఉన్నాయి గనక వదిలేస్తున్నాను.

వేసవికి వద్దాం. నా రెండో తప్పు వేసవిదే. డిగ్రీ మొదటి ఏడు సెలవుల్లో మా చిన్నాన్న "ఒరే, నువ్వు సదివేది సెట్ల సదువే గదా, మావిడిసెట్టుకి బదనిక పట్టి కాపు పడిపోతంది, తీసీరా" అన్నాడు. నిచ్చెన వేసి ఎక్కాను. కొమ్మలమీద రెండు రకాలున్నాయి. ఒకటి గుబురుగా, దళసరి ఆకులతో, నారింజరంగు గొట్టాల్లాంటి పువ్వులతో, తేనెపిట్టలు వాలుతున్నాయి. రెండోది పట్టీల్లాంటి ఆకులు రెండు వరసల్లో, తెల్లటి తాళ్ళలాంటి వేళ్ళు వేలాడుతూ. ఊళ్ళో రెండింటినీ బదనిక అనే అంటారు. రెండూ కోసి కిందపడేసి తగలబెట్టాను. రెండో రకం ఏడు గుబుర్లు.

అది వాండా టెస్సెల్లేటా. సామర్లకోటలో మొక్కల్ని పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్ 1795లో కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో బొమ్మతో సహా వర్ణించిన ఆర్కిడ్. వాండా అన్న పేరుకి మూలం సంస్కృతం 'వందా'. దానర్థమూ బదనికే! అంటే పేరు పెట్టడంలో మా చిన్నాన్నకి పండితులే తోడు.

ఏది నిజమైన బదనికో వేరు చెబుతుంది. నారింజపూల మొక్క వేరు బెరడు చీల్చుకుని కొమ్మ చేవలోకి దిగి నీళ్ళూ లవణాలూ లాగేస్తుంది. నేను పైపైన కోసినందున అది మరుసటి ఏడే మళ్ళీ చిగిర్చింది. వాండా వేరు బెరడుమీద పాకుతుందేగాని లోపలికి పోదు. దానికి చెట్టు ఒక అరుగు, అంతే. వేరుపైన వెలామెన్ అనే తెల్లటి స్పంజి పొర ఉంటుంది. వానచినుకునీ మంచునీ పీల్చుకుని దాచుకుంటుంది. నమ్మకం లేకపోతే గ్లాసెడు నీళ్ళు చల్లి చూడండి, తెల్లటి వేరు చూస్తూండగా ఆకుపచ్చబడుతుంది. లోపలి పత్రహరితం తడిసిన పొరలోంచి కనబడుతుందన్నమాట. తన అన్నం తాను వండుకునే మొక్క.

కాని పుట్టుకలో మాత్రం అది ఒకరి అన్నం తినవలసిందే. ఈ సంగతి ప్రయోగశాలలో ఆర్కిడ్ వేరు స్లైడు చూస్తున్నప్పుడు మా మాస్టారు చెప్పారు. కణాల్లో దారపు ఉండల్లాంటివి కనబడ్డాయి. శిలీంధ్రం! ఆర్కిడ్ కాయలో వేలూ లక్షలూ గింజలుంటాయి, అన్నీ పొడే. వడ్లగింజలో ఉన్నట్టు అంకురచ్ఛదం లేదు, అంటే తల్లి కట్టిచ్చిన చద్దిమూట లేదు. ఆ గింజలోకి సరైన శిలీంధ్రం చొరబడి చక్కెరలు అందిస్తేనే మొలక. ఈ రహస్యాన్ని 1899లో నోయెల్ బెర్నార్ పట్టుకున్నాడు. 1922లో నడ్సన్ చక్కెర కలిపిన అగార్‌మీద శిలీంధ్రం లేకుండానే మొలిపించి చూపాడు. ఇవాళ పూలకొట్లలోని ఆర్కిడ్లకి ఆ సీసాలే పురిటిగదులు. అడవిలో సీసాలెక్కడివి? బెరడుమీద ఆ బూజు ఉండాలి, తేమ ఉండాలి, గింజ అక్కడే పడాలి. మొలిచాక పూతకి రావడానికి ఏళ్ళు. నేను ఒక్క పూటలో కాల్చిన ఏడు గుబుర్లూ అలా వచ్చినవి.

చిన్నాన్నకి ఇదంతా చెప్పి నిజమైన బదనిక ఉన్న కొమ్మని దానికి దిగువనుంచి రంపంతో తీయించాను. పెరట్లో పనసచెట్టు మీద ఒక్క వాండా నేను చూడకపోబట్టి బతికిపోయింది. పోయిన వేసవిలో పసుపూ గోధుమా గళ్ళ పువ్వులు, మధ్యన ఊదారంగు పెదవితో, అరుగుమీదకి వాసన వచ్చేలా పూసింది. ఒక్క కాయ నిలిచింది. సంక్రాంతి సెలవులకి వెళ్ళేసరికి కాయ నిలువునా పగిలి, గాలి వీచినప్పుడల్లా పొగలా పొడి లేస్తోంది.

"మావిడిసెట్టు మీద మళ్ళీ ఎప్పుడు కనిపిస్తాదిరా?" అన్నాడు చిన్నాన్న.

"ఈ పొడిలో ఏ ఒక్కటైనా దాని బూజుని కలుసుకుంటే, కొన్నేళ్ళకి ఆకు కనబడొచ్చు" అన్నాను.

ఆయన కాసేపు మామిడికేసి చూసి, గోడకి ఆన్చి ఉన్న నిచ్చెన తీసుకెళ్ళి పశువులశాలలో పడేశాడు.