అమెరికా రాజ్యాంగం – పేదవానికి న్యాయవాది హక్కు

సివిక్స్‌లో, గ్రూప్స్ పరీక్షల్లో అమెరికా 'హక్కుల బిల్లు' గురించి చదువుతుంటాం. 1787లో రాసుకున్న అమెరికా రాజ్యాంగంలో పౌరుల హక్కుల జాబితా లేదు. దీనిపై విమర్శలు రావడంతో జేమ్స్ మాడిసన్ సవరణలు ప్రతిపాదించాడు. వాటిలో పది సవరణలు 1791 డిసెంబరు 15న అమల్లోకి వచ్చాయి. వీటినే హక్కుల బిల్లు అంటారు. వాక్ స్వాతంత్ర్యం, పత్రికా స్వేచ్ఛ, మత స్వేచ్ఛ మొదటి సవరణలో ఉన్నాయి. నేరారోపణ ఎదుర్కొనే వ్యక్తికి న్యాయవాది సహాయం పొందే హక్కు ఆరవ సవరణలో ఉంది.

మరి ఫీజు ఇచ్చుకోలేని పేదవాని సంగతేమిటి? ఈ ప్రశ్నకు జవాబు రావడానికి 172 ఏళ్లు పట్టింది.

కేసు ఏమిటి?

1961 జూన్‌లో ఫ్లోరిడా రాష్ట్రంలోని పనామా సిటీలో ఒక పూల్ ఆటశాలలో దొంగతనం జరిగింది. క్లారెన్స్ ఎర్ల్ గిడియన్ అనే వ్యక్తిని అరెస్టు చేశారు. ఆయన చదివింది ఎనిమిదో తరగతి. అంతకుముందు కూడా జైలుకు వెళ్లివచ్చినవాడే. తనకు న్యాయవాదిని నియమించమని కోర్టును కోరాడు. మరణశిక్ష పడే కేసుల్లో తప్ప రాష్ట్ర చట్టం ఒప్పుకోదని జడ్జి చెప్పాడు. గిడియన్ తన కేసు తానే వాదించుకుని ఓడిపోయాడు. ఐదేళ్ల శిక్ష పడింది. జైలులోనే పెన్సిల్‌తో పిటిషన్ రాసి సుప్రీంకోర్టుకు పంపాడు.

చిక్కు ఎక్కడ ఉంది?

హక్కుల బిల్లు మొదట కేంద్ర ప్రభుత్వానికి మాత్రమే వర్తించేది. అంతర్యుద్ధం తర్వాత 1868లో వచ్చిన 14వ సవరణ రాష్ట్రాలను కూడా కట్టడి చేసింది. సక్రమమైన న్యాయ ప్రక్రియ లేకుండా ఎవరి ప్రాణాన్ని, స్వేచ్ఛను, ఆస్తిని హరించరాదని చెప్పింది. అయినా 1942లో బెట్స్ కేసులో సుప్రీంకోర్టు, రాష్ట్రాలు ప్రతి పేద ముద్దాయికీ న్యాయవాదిని ఇవ్వనక్కరలేదని తీర్పు చెప్పింది. ఫ్లోరిడా జడ్జి మాటకు ఆధారం ఇదే.

తీర్పు

గిడియన్ తరఫున వాదించడానికి సుప్రీంకోర్టు ఏబ్ ఫోర్టస్ అనే పేరున్న న్యాయవాదిని నియమించింది. 1963 మార్చి 18న తొమ్మిది మంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా గిడియన్ పక్షాన తీర్పు ఇచ్చారు. జస్టిస్ హ్యూగో బ్లాక్ తీర్పు రాశారు. ముద్దాయిపై నేరం మోపడానికి ప్రభుత్వం న్యాయవాదులను పెట్టుకుంటోంది. డబ్బున్నవాడు తనకు తాను పెట్టుకుంటున్నాడు. కాబట్టి న్యాయవాది విలాసం కాదు, అవసరం అన్నదే ఆ తీర్పు సారాంశం.

అదే ఏడాది ఆగస్టులో మళ్లీ విచారణ జరిగింది. ఈసారి పక్కన న్యాయవాది ఉన్నాడు. సాక్షిని గట్టిగా ప్రశ్నించాడు. గిడియన్ నిర్దోషి అని జ్యూరీ తేల్చింది. కోర్టు అదే, ఆరోపణ అదే. మారింది ఒక్కటే, ముద్దాయి పక్కన చట్టం తెలిసిన మనిషి ఉండటం.

ఈ తీర్పుతో అన్నీ చక్కబడలేదు. ప్రభుత్వ ఖర్చుతో వాదించే న్యాయవాదులపై కేసుల భారం అక్కడ నేటికీ పెద్ద సమస్యే.

మన దేశంలో

మన రాజ్యాంగం 22వ అధికరణం అరెస్టయిన వ్యక్తికి న్యాయవాదిని సంప్రదించే హక్కు ఇచ్చింది. 1976లో 42వ సవరణ ద్వారా చేరిన 39-ఎ అధికరణం ఉచిత న్యాయ సహాయం గురించి చెబుతుంది. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఈ సహాయం అందాలి. జిల్లా స్థాయిలో దీనికి సంస్థలు ఉన్నాయి.

మిత్రులారా! సెలవులకు ఊరు వెళ్లినప్పుడు ఈ సంగతి అమ్మానాన్నలకు, వాడవాళ్లకు చెప్పండి. వకీలుకు డబ్బు లేదని కేసు వదులుకునే వాళ్లు మన చుట్టూ ఉన్నారు. ఎనిమిదో తరగతి చదివిన మనిషి రాసిన అర్జీ ఒక దేశపు న్యాయ విధానాన్నే మార్చింది. మనం అంతకన్నా ఎక్కువే చదువుతున్నాం.