లాఘవము : పని తీరులో ఒక పాఠము

మీలో పలువురు రేపు సాఫ్ట్‌వేర్ సంస్థలలో చేరనున్నారు. అచ్చట మొదటి వారముననే మీ చెవిని పడు మాట 'ఎజైల్'. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రమున 17 మంది నిపుణులు సమావేశమై తమ పద్ధతులకు ఉమ్మడిగా పెట్టుకొన్న పేరిది. తెలుగున 'లాఘవము' అనవచ్చును. ఉర్దూ మిత్రులు 'ఫుర్తీ' అందురు. ఈ రెండు మాటలలోను తొందర అను ఛాయ కొంత కలదు గాని, అసలు విషయము తప్పును వేళకు తెలిసికొనుట.

అమెరికా నేర పరిశోధక సంస్థయగు ఎఫ్.బి.ఐ. అనుభవమును చూడుడు. కాగితపు దస్త్రములకు బదులు కంప్యూటరులో కేసులు నడుపుటకై ఆ సంస్థ ఒక ప్రణాళిక చేపట్టెను. కావలసినవన్నియు 800 పుటలకు పైగా వ్రాసిరి. తెర మీది మీటల వంటి చిన్న వివరములు సైతము అందు చేరినవి. నిర్మాణము సాగుచుండగనే అవసరములు మారుచు పోయినవి. దాదాపు 17 కోట్ల డాలర్లు వ్యయమైన పిదప 2005లో దానిని విడిచిపెట్టిరి.

2006లో 'సెంటినెల్' అను పేర మరల ఆరంభించి, నాలుగు దశలుగా ఒక పెద్ద సంస్థకు అప్పగించిరి. 2010 ఆగస్టు నాటికి కేటాయించిన 45.1 కోట్ల డాలర్లలో 40.5 కోట్లు ఖర్చయ్యెను. చేతికందినవి రెండు దశలే. అప్పుడు ఎఫ్.బి.ఐ. పనిని తన అధీనములోనికి తీసికొని, సిబ్బందిని బాగుగా తగ్గించి, రెండేసి వారముల గడువులు పెట్టుకొనెను. ప్రతి గడువు చివర, పూర్తియైన భాగమును పనిచేయు స్థితిలో చూపవలెను. ఈ పద్ధతి మంత్రదండమేమియు కాదు. 2011 అక్టోబరు పరీక్షలో వ్యవస్థ రెండు మార్లు నిలిచిపోయెను. పాత యంత్రములు ఆ భారమునకు చాలవని తేలెను. అయినను 2012 జూలైలో సెంటినెల్ వాడుకలోనికి వచ్చినది.

ప్రతి ఉదయము నిలుచుండి సమావేశము జరుపుట, గోడకు రంగు చీటీలు అంటించుట — ఇవి నేర్చుకొనుట సులభము. అధికారి ఎదుట "ఈ భాగము కాలేదు" అని చెప్పగల వాతావరణమును కల్పించుటయే కష్టము. అది లేనిచోట చీటీలు గోడకు అలంకారము మాత్రమే.

గత సంవత్సరము మన కంప్యూటరు శాఖ వారు ప్రాజెక్టుల పరిశీలనకు నన్ను కూడ పిలిచిరి. అంతకు ముందు మేమందరము చివరి వారమున నివేదికలు తిరగవేసి సంతకములు చేయువారమే. ఈసారి పదునైదు దినములకొకమారు చూచితిమి. గ్రంథాలయ పట్టిక తయారుచేయుచున్న జట్టు రెండవ మారే తమ పనిని గ్రంథపాలకునికి చూపెను. ఆయన ఒక ఉర్దూ గ్రంథము తీసి, దీని పేరు ఎక్కింపుమనెను. కుడి నుండి ఎడమకు సాగు లిపికి అందు చోటే లేదు. ఆ బాలురు మొగము చిన్నబుచ్చుకొనిరి గాని, వారి చేతిలో ఇంకను మూడు మాసములుండెను.